విశ్రాంత జీవితానికి ఏ స్పోర్ట్స్ కారు?

ప్రశ్న: నా వయసు 63. ఈ ఏడాదే ఉద్యోగ విరమణ చేశాను. ఇల్లు, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అంటూ ముప్పై ఏళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చిన కోరిక ఒకటి ఉంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలి. మామూలు కారు ఇంట్లో ఎలాగూ ఉంది గనుక ఇది కేవలం సరదా కోసమే. కొత్త మాజ్దా ఎంఎక్స్-5, పదేళ్ళ కిందటి పోర్షే బాక్‌స్టర్, మూడు నాలుగేళ్ళు వాడిన షెవర్లే కోర్వెట్, ఈ మూడింటి మధ్య ఊగిసలాడుతున్నాను. ఇవేవీ కాదు, పాతకాలపు ఎంజీబీ కొనమని ఒక మిత్రుడు అంటున్నాడు. నాకు అప్పుడప్పుడు నడుము పట్టేస్తుంది, నా భార్యకు మోకాళ్ళ నొప్పులున్నాయి. ఈ వయసులో ఇలాంటి కారు అవసరమా అని మా అబ్బాయి అడుగుతున్నాడు. మీరు ఏది కొనమంటారు? గేర్లు మార్చుకునేదా, ఆటోమేటిక్కా?

సమాధానం: మీరు రాసిన మూడు కార్లూ మంచివే గనుక వాటిలో ఏది గొప్పదన్న చర్చకు నేను దిగను. కార్ల పేర్లన్నీ అయిపోయాక, మాటవరసకు రాసినట్టుగా వచ్చిన నడుము నొప్పి, మోకాళ్ళ నొప్పుల ప్రస్తావనే ఈ నిర్ణయానికి ఆధారం కావాలని నా అభిప్రాయం. విశ్రాంత జీవితంలో ముచ్చటపడి కొనుక్కున్న స్పోర్ట్స్ కారు కవరు కింద నిలిచిపోయిందంటే, అది చాలినంత వేగంగా పోకపోవడం అందుకు కారణం కాదు. ఎక్కి దిగడమే ఒక ప్రయాస కావడమో, పక్క సీటులో కూర్చోవలసిన మనిషి రెండోసారి రానని తేల్చి చెప్పడమో, ఉన్నట్టుండి ఓ గంట తిరిగి వద్దామంటే బయటికి తీయడానికి మనసొప్పనంత ఖరీదైనది కావడమో సాధారణంగా జరుగుతుంది. అందువల్ల హార్స్‌పవర్ అంకెలను కాసేపు పక్కన పెట్టి, మీ ఇద్దరి మోకాళ్ళ నుంచీ నడుముల నుంచీ మొదలు పెడదాం.

స్పోర్ట్స్ కారులో సీటు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. బరువు ఎంత కిందికి ఉంటే మలుపులో కారు అంత తక్కువగా ఒరుగుతుంది కాబట్టి అది కావాలని చేసిన ఏర్పాటే, కానీ దాని భారం మోయవలసింది మన తొడలూ మోకాళ్ళూ. మామూలు కారులో కూర్చున్నప్పుడు తుంటి మోకాలితో సమానమైన ఎత్తులోనో కాస్త పైనో ఉంటుంది గనుక దిగడం కుర్చీలోంచి లేవడంతో సమానం. ఇక్కడ తుంటి మోకాలి కంటే కిందికి పోతుంది కాబట్టి, బరువంతా ముందుకు తెచ్చి, పూర్తిగా ముడిచిన మోకాళ్ళ మీద శరీరాన్ని పైకి లేపాలి. దీనికి తోడు తలుపు కింది గడప ఎంత ఎత్తుగా, ఎంత వెడల్పుగా ఉందన్నది కారు కారుకూ మారుతుంది. లోటస్ ఎలీస్‌ లాంటి కారులో అల్యూమినియం చాసిస్ పక్క దూలాలే గడపలు కావడం వల్ల, పైకప్పు వేసి ఉన్నప్పుడు లోపలికి దూరడం కుర్రవాళ్ళకు కూడా ఒక విన్యాసమే. మీ జాబితాలో అది లేనందుకు నాకు కొంత ఊరటగా ఉంది.

చాలామంది గమనించని మరో సంగతి తలుపు పొడవు. రెండు తలుపుల కారులో ఒక్కో తలుపు పొడవుగా ఉంటుంది గనుక, విశాలమైన షోరూములో దాన్ని బార్లా తెరిచి హాయిగా దిగినవారే, రెండు కార్ల మధ్య ఇరుకుగా పార్క్ చేసినప్పుడు, సగం తెరుచుకున్న తలుపులోంచి ఒంటి కాలి మీద బయటపడవలసి వస్తుంది. మడిచే పైకప్పు ఉన్న కార్లలో ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది, ఎందుకంటే కప్పు తీసి ఉన్నప్పుడు తలా నడుమూ వంచనక్కర లేకుండా నిలువుగా లేచి రావచ్చు. కానీ వాన రోజున కప్పు వేయక తప్పదు కాబట్టి, కొనేముందు పరీక్ష కప్పు వేసి ఉంచే చేయాలి.

ఆ పరీక్ష ఎలా చేయాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఉత్తరంలో నేను చెప్పేవన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు. షోరూములో నిలిపి ఉంచిన కారులో అయిదు నిమిషాలు కూర్చుని నిర్ణయించకండి. కనీసం ముప్పావు గంట, వీలైతే గంట నడపడానికి అనుమతి అడగండి, మీ భార్యను తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకోండి. తిరిగి వచ్చాక కారును మరో రెండు కార్ల మధ్య పార్క్ చేసి, పైకప్పు వేసి, అప్పుడు ఇద్దరూ దిగండి. కదలకుండా కూర్చుని బిగుసుకుపోయిన నడుము ఏమంటుందో, మోకాలు ఏమంటుందో అప్పుడే తెలుస్తుంది. దిగేటప్పుడు సీటును వెనక్కి జరిపి, రెండు కాళ్ళూ కలిపి బయటికి తిప్పి నేల మీద పెట్టి, ఒక చేయి గడప మీదో సీటు అంచు మీదో ఆనించి లేవడం మంచి పద్ధతి. తలుపును ఊతగా పట్టుకుంటే అది కదిలి మనల్ని పడేయవచ్చు. ఈ పద్ధతిలో కూడా ఆమె రెండు మూడు సార్లు ఎక్కి దిగేసరికి మొహం చిట్లిస్తే, ఆ కారు ఎంత అందమైనదైనా మీ ఇంటికి పనికి రాదు. ‘అలవాటవుతుందిలే’ అన్న మాటకు ఇక్కడ చోటివ్వకండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి కాలం గడిచేకొద్దీ తేలిక కావడం అరుదు.

మీ కూర్చునే తీరు కూడా చూసుకోవాలి. భుజాలు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచున ఆనాలి, క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు మోకాలు కొంచెం వంగే ఉండాలి, ఛాతీకీ స్టీరింగ్‌కూ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఈ మూడూ ఒకేసారి కుదరాలంటే స్టీరింగ్ ముందుకూ వెనక్కూ జరిగేదై ఉండడం అవసరం. ఎంఎక్స్-5 ప్రస్తుత తరంలో ఆ సౌకర్యం 2019 మోడల్ నుంచి మాత్రమే వచ్చింది, అంతకు ముందువి పైకీ కిందికీ మాత్రమే కదులుతాయి. మనసు మారి వాడిన కారు వైపు మొగ్గితే, మీరు పొడగరి అయితే, ఈ తేడాను తప్పకుండా చూడండి.

ఇక వేగం సంగతి. 2020 మోడల్‌తో ఇంజన్‌ను సీట్ల వెనక్కి మార్చిన కోర్వెట్‌లో 6.2 లీటర్ల వి8 ఇంజన్ సుమారు 490 హార్స్‌పవర్ ఇస్తుంది, నిలిచిన చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి దానికి మూడు సెకన్ల చిల్లర చాలు. అది అద్భుతమైన యంత్రమని ఒప్పుకోవలసిందే, పైగా తిన్నని రహదారి మీద దూర ప్రయాణాలకు అది మనం అనుకునేదానికన్నా సౌఖ్యంగా ఉంటుంది. అయితే అంత శక్తి ఉన్న కారును మామూలు రోడ్డు మీద నడుపుతున్నప్పుడు మనం ఎంతసేపూ దాన్ని ఆపి పట్టుకునే పనిలోనే ఉంటాం. యాక్సిలరేటర్‌ను నిండుగా తొక్కిన రెండు మూడు క్షణాల్లో చట్టం అనుమతించే వేగం దాటిపోతుంది గనుక, ఆ ఇంజన్ అసలు రుచి రేస్ ట్రాక్ మీద తప్ప తెలియదు. తేలికైన, మితమైన శక్తి గల కారులో దీనికి భిన్నంగా జరుగుతుంది. రెండో గేరునూ మూడో గేరునూ చివరిదాకా లాగవచ్చు, మలుపుకు ముందు ఎక్కడ బ్రేక్ వేయాలో, ఎక్కడ స్టీరింగ్ తిప్పాలో, ఎక్కడ మళ్ళీ యాక్సిలరేటర్ ఇవ్వాలో ప్రతిసారీ మనమే తేల్చుకోవచ్చు, ఇదంతా చట్టబద్ధమైన వేగాల్లోనే జరుగుతుంది. నడపడంలోని ఆనందం నాకు తెలిసినంతలో ఈ పనిలో ఉంది, వేగం అంకెలో కాదు.

వెడల్పును కూడా ఇదే దృష్టితో చూడాలి. కోర్వెట్ వెడల్పు దాదాపు 1.93 మీటర్లు, ఎంఎక్స్-5 వెడల్పు 1.73 మీటర్ల చిల్లర. ఇరవై సెంటీమీటర్లే కదా అనిపించవచ్చు, కానీ ఇరుకైన కొండదారిలో ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు మన వరుసలో మనకు మిగిలే ఖాళీలో అది పెద్ద భాగం. కోర్వెట్ మామూలు మోడల్‌లో తల పైన ఉండే పలకను చేత్తో విప్పి వెనక డిక్కీలో పెట్టుకోవాలి, అది నడుము పట్టేసే మనిషి ఒంటరిగా చేయవలసిన పని కాదు. కన్వర్టిబుల్ మోడల్‌లో కప్పు మోటారుతో దానంతటదే మడుచుకుంటుంది గనుక, కోర్వెట్ మీదే మనసు నిలిచిపోయి ఉంటే అదొక్కటే చూడండి. బరువు ఒకటిన్నర టన్నుకు పైన, వెనక టైర్లు చాలా వెడల్పైనవి, కాబట్టి అవి మార్చవలసి వచ్చినప్పుడు ఖర్చు కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది.

ఎంఎక్స్-5ను 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు, 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైనది ఇదే. నాలుగు తరాలు మారినా తేలికదనాన్ని ఆ సంస్థ వదలలేదు. ఇప్పటికీ బరువు 1,000 నుంచి 1,100 కిలోల మధ్యనే ఉంటుంది, రెండు లీటర్ల ఇంజన్ సుమారు 180 హార్స్‌పవర్ ఇస్తుంది, ముందు చక్రాల మీదా వెనక చక్రాల మీదా బరువు దాదాపు సమానంగా పడుతుంది. ఇంత తక్కువ బరువున్న కారుకు వెడల్పాటి టైర్లూ భారీ బ్రేకులూ అక్కరలేదు, దానివల్ల నిర్వహణ ఖర్చు కూడా అదుపులో ఉంటుంది. లోపాలు లేవని కాదు. డిక్కీ 130 లీటర్లకు మించదు, అంటే ఇద్దరికి రెండు చిన్న మెత్తటి సంచులు పడతాయి, గట్టి సూట్‌కేసు పట్టదు. స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్ ఇస్తారు. డాష్‌బోర్డులో గ్లవ్ బాక్స్ లేకుండా సీట్ల మధ్య వెనకవైపు చిన్న అర ఇచ్చారు, కాగితాల కోసం మెడ తిప్పి వెతుక్కోవడం మనవంటి వయసువారికి ఎందుకు పెట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

దీని గుడ్డ కప్పును సీటులో కూర్చునే ఒంటి చేత్తో తీసి వేసుకోవచ్చని అందరూ మెచ్చుకుంటారు, అది నిజమే. అయితే మూసేటప్పుడు చేయి వెనక్కి చాపి లాగాలి కాబట్టి భుజం పట్టేసినవారికి అది నచ్చకపోవచ్చు. ఆర్ఎఫ్ అనే మోడల్‌లో గట్టి కప్పు పదమూడు సెకన్లలో మోటారుతో మడుచుకుంటుంది గానీ, వెనక రెండు పక్కలా నిలిచి ఉండే భాగాలు భుజం మీదుగా చూసే చూపును అడ్డుకుంటాయి. మెడ పూర్తిగా తిరగని వయసులో ఇది చిన్న విషయం కాదు. నేనైతే గుడ్డ కప్పుదే ఎంచుకుంటాను, పక్క వరుసలో వచ్చే వాహనాన్ని హెచ్చరించే సెన్సారూ వెనక కెమెరా ఉన్న మోడల్ తీసుకుంటాను.

బాక్‌స్టర్ విషయంలో మీరు ‘పదేళ్ళ కిందటిది’ అన్నారు. అది సరిగ్గా ఒక హద్దు మీద ఉన్న కాలం, ఎందుకంటే 2016లో ఆరు సిలిండర్ల ఇంజన్ స్థానంలో నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్ వచ్చింది. వేగంలో కొత్తదే మెరుగు, కానీ సరదా కోసం కొనేవారికి ఇంజన్ శబ్దం కూడా కొన్నదానిలో భాగమే కాబట్టి, 2012 నుంచి 2016 వరకు తయారైన ఆరు సిలిండర్ల తరాన్నే వెతకమని నా సలహా. ఇంజన్ మధ్యలో ఉండడం వల్ల ముందొకటి, వెనకొకటి, రెండు డిక్కీలు దొరుకుతాయి, రెండూ కలిపితే ఎంఎక్స్-5 డిక్కీకి రెట్టింపు. పైకప్పు నెమ్మదిగా వెళుతున్నప్పుడు కూడా మీట నొక్కితే తొమ్మిది సెకన్లలో తెరుచుకుంటుంది. సీట్లు మెరుగు, ప్రయాణం మృదువు, దూరం వెళ్ళేవారికి ఇది ఎంఎక్స్-5 కంటే అలసట తక్కువ.

అయితే ధర చూసి ఇంకా పాతదాని వైపు జారిపోకండి. 1996లో వచ్చిన మొదటి తరం నుంచి 2008 దాకా తయారైన వాటి ఇంజన్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ అనే భాగం కొన్నింటిలో చెడిపోయి, ఇంజన్ మొత్తాన్నే దెబ్బతీసిన సందర్భాలున్నాయి. 2009 మోడల్ నుంచి వచ్చిన ఇంజన్లలో ఆ భాగమే లేదు. మీరు చూసే కారు ఏ తరానిదైనా సరే, పోర్షే ఇంజన్లు విప్పి తెలిసిన, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌కు రుసుము ఇచ్చి పరీక్ష చేయించండి, సర్వీసు రికార్డు పూర్తిగా లేని కారును ఎంత తక్కువకు ఇస్తామన్నా వదిలేయండి. పదేళ్ళలో కారు ధర తగ్గుతుంది గానీ విడిభాగాల ధరా మెకానిక్ కూలీ తగ్గవు. చవగ్గా దొరికిన ఖరీదైన కారు బక్కచిక్కిన ఏనుగు వంటిది, కొన్న ధరతో సంబంధం లేకుండా తిండి మాత్రం ఏనుగు తిండే తింటుంది.

మీ మిత్రుడు చెప్పిన ఎంజీబీ 1962 నుంచి 1980 వరకు తయారైన ముచ్చటైన కారు. దానిలో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. స్పానర్లు పట్టుకుని ఆదివారం గడపడం మీకు ఇష్టమైతే దానికి సాటి లేదు, నడపడమే ఇష్టమైతే మాత్రం వద్దు.

గేర్ల ప్రశ్నకు జవాబు మీ ఎడమ మోకాలు, మీ దారులు కలిసి చెప్పాలి. ఎంఎక్స్-5లో గేరు లీవరు కదలిక పొట్టిగా, కచ్చితంగా ఉండి, ఆ కారు ఇచ్చే ఆనందంలో సగం దానిలోనే ఉంటుంది గనుక, దాన్ని ఆటోమేటిక్‌లో కొనడం నాకు అంతగా నచ్చదు. బాక్‌స్టర్‌లో పీడీకే అనే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎంత బాగా పనిచేస్తుందంటే, అది ఉన్నందుకు విచారించవలసిన అవసరం లేదు. ఈ కోర్వెట్‌లో చేతి గేర్లు అసలు లేవు. మీరు ఎక్కువగా ఉదయం పూట ఖాళీ రోడ్ల మీద తిరుగుతారనుకుంటే చేతి గేర్లు హాయి. ఊరు దాటడానికే అరగంట ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కవలసిన చోట ఉంటే, ఇప్పుడు బాగున్న మోకాలు అయిదేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో కూడా ఆలోచించి ఆటోమేటిక్ తీసుకోండి.

టెస్ట్ డ్రైవ్‌లలో ఒకటి తప్పకుండా చీకటి పడ్డాక చేయండి. వయసుతో కంటిపాప కుంచించుకుపోయి, లోపలి కటకం పసుపెక్కి, అరవై ఏళ్ళ మనిషి కంటి తెరకు చేరే వెలుతురు ఇరవై ఏళ్ళప్పటితో పోలిస్తే దాదాపు మూడో వంతే ఉంటుంది. నేలకు దగ్గరగా కూర్చున్నప్పుడు ఎదుటి పెద్ద వాహనాల హెడ్‌లైట్లు సూటిగా కళ్ళలో పడతాయి. ప్రోగ్రెసివ్ కళ్ళజోడు వాడుతుంటే డాష్‌బోర్డు అంకెలు తల ఎత్తకుండా, దించకుండా కనబడుతున్నాయో లేదో చూసుకోండి.

డబ్బు విషయంలో నేను పాటించమనే నియమం ఒకటే: నెలనెలా ఇంటి ఖర్చుకు ఆధారమైన పొదుపు జోలికి పోకుండా, పోయినా బెంగపెట్టుకోని డబ్బుతోనే కొనాలి. కొనే ధరతో పాటు ఏటా అయ్యే బీమా, సర్వీసు, టైర్లు, విలువ తరుగుదల కలిపి చూడాలి. కొత్త కారు విలువ మొదటి రెండు మూడేళ్ళలోనే అన్నిటికంటే ఎక్కువగా పడిపోతుంది కాబట్టి, కొత్త ఎంఎక్స్-5 బదులు అదే తరంలో మూడేళ్ళు వాడినదాన్ని తీసుకుంటే ఆ తరుగు ఎవరో భరించి ఉంటారు. రెండో కారుగా, తక్కువ కిలోమీటర్లు తిరిగేదానిగా బీమా సంస్థకు ముందే చెబితే ప్రీమియం తగ్గే అవకాశం ఉంటుంది. తక్కువ తిరిగిన కారు కదా అని టైర్లు చూడకుండా ఉండకండి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెల్లో మొదటి రెండూ అది తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. గాళ్ళు నిండుగా ఉన్నా రబ్బరు ఏళ్ళతో గట్టిపడి పట్టు కోల్పోతుంది. బ్రేక్ ఆయిల్ కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక, కారు తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి మార్చాలి.

మీ అబ్బాయి అభ్యంతరం డబ్బు గురించి అయితే పై లెక్క కాగితం మీద వేసి చూపించండి. ప్రమాదం గురించి అయితే మాత్రం అతని మాటలో నిజముంది. ముప్పై ఏళ్ళ అనుభవం మామూలు కార్ల మీద సంపాదించినది, వెనక చక్రాలతో నడిచే తేలిక కారు తడి రోడ్డు మీద ప్రవర్తించే తీరు వేరు. అనుభవజ్ఞులైన శిక్షకుల దగ్గర తడిపిన మైదానంలో జారే కారును అదుపు చేయడం నేర్పే ఒక రోజు కోర్సు ఎక్కడ దొరికినా చేయండి, అబ్బాయినీ వెంట తీసుకువెళ్ళండి. కారు జారబోతే తనంతట తానే సరిదిద్దే స్టెబిలిటీ కంట్రోల్‌ను రోడ్డు మీద ఎప్పుడూ ఆపకండి. నిద్ర మత్తు కలిగించే మందులేవైనా వాడుతుంటే వైద్యుడిని అడిగి నిర్ధారించుకోండి.

ఇప్పుడు తీర్పు. ముందుగా ఎంఎక్స్-5ను వీలైతే రెండు రోజులు అద్దెకు తీసుకుని తిరగండి. మీ నడుమూ ఆవిడ మోకాళ్ళూ ఒప్పుకుంటే ఇక వెతకనక్కర లేదు, చేతి గేర్లతో అదే కొనండి. ఆ కారు ఇరుకనిపించినా, దూర ప్రయాణాల్లో హోరు భరించలేమనిపించినా ఆరు సిలిండర్ల బాక్‌స్టర్‌ను పీడీకేతో చూడండి. ఆ రెండింటిలోంచీ లేవడం ఆమెకు కష్టమైతే మొండికి పోకుండా మినీ కన్వర్టిబుల్ నడిపి చూడండి. అది అసలైన స్పోర్ట్స్ కారు కాదని పెదవి విరిచేవారుంటారు గానీ, దాని సీటు మామూలు కారు సీటు ఎత్తులో ఉంటుంది, కప్పు మీట నొక్కితే తెరుచుకుంటుంది, స్టీరింగ్ చురుకుగా ఉంటుంది, వెనక సీట్లలో మనవలు కూడా పడతారు.